దుర్గమ్మ దొడ్డిలో రైలు

ఉడికిన వడ్లు గంపలో పొగలు కక్కుతున్నాయి. గంపను నడుముకు ఆనించుకొని, చంకలో చాప ఇరికించుకొని దొడ్డిలోకి వచ్చిన దుర్గమ్మకు ఆరబోసేందుకు నేల కనిపించలేదు. నిన్న పొద్దుగూకేదాకా ఖాళీగా ఉన్న తూర్పు మూలలో కూడా ఇవాళ చెక్కలు పరిచి ఉన్నాయి. జానెడుకొకటి చొప్పున గోడ వెంట పోయి, బాయి దగ్గర వంపు తిరిగి, వంటింటి గడప ముందు నుంచి మళ్లీ మొదటికి వచ్చాయి.

“ఈ మూల నాకు ఇడిసిపెడ్తనంటివి గద!” అంది.

బాయి పక్కన మోకాళ్ల మీద కూర్చున్న నర్సింగం తల ఎత్తలేదు. ఒక కన్ను మూసి, గుంజకు కట్టిన దారం వెంట చూస్తున్నాడు.

“ఇడుద్దామనే అనుకున్న. వంపు సరిపోతలేదు. రైలంటే ఎడ్లబండా, పగ్గం గుంజితే మర్లనీకె? వంపుకు జాగ కావాలె.”

“మరి నా వడ్లకు?”

“జర వసారల పొయ్యి.”

“వసారలకు ఎండ నువ్వు తెస్తవా, మీ అమ్మ తెస్తదా?”

వసారాలో కూర్చొని తమలపాకు దంచుకుంటున్న అత్త ఆగమ్మ అక్కడి నుంచే అందుకుంది. “నన్నెందుకే నడిమిట్ల గుంజుతవు? నేనేమన్న రైలు కావాలని ఏడ్చిన్నా?” కొంచెం ఆగి, “ఎక్కిస్తనంటే ఎక్కుత గని,” అంది.

గంప బరువుకు దుర్గమ్మ నడుము లాగుతోంది. చివరికి చెక్కల వలయం మధ్యలో చాప పరిచి సగం వడ్లు పోసింది. మిగతా సగం గంపలోనే ఉండిపోయాయి. ఉడికిన వడ్లు గంపలో నిలువ ఉంటే వాసన పడతాయి. వాసన పట్టిన వడ్లతో పేలాలు వేయిస్తే ఎవరు కొంటారు? ఆ పేలాలే ఇప్పుడు ఇంటికి అన్నం పెడుతున్నాయి.

తప్పు తనదేనని ఆమెకు తెలుసు. ఒప్పుకున్నది తనే.

నర్సింగం పట్నంలో రైళ్లు బాగుచేసే కార్ఖానాలో పదహారేళ్లు ఫిట్టరుగా పనిచేశాడు. నిరుడు దీపావళికి ముందు ఇనుము వంచే యంత్రం కింద ఎడమ చేతి చిటికెన వేలు, దాని పక్క వేలు నలిగిపోయాయి. మెదకుకు తీసుకొచ్చాక చర్చి దవఖానాలో నాలుగు నెలలు కట్లు కట్టారు. చేయి మానాక పట్నం పోయి ఫోర్‌మన్ రిచర్డ్ దొరను కలిశాడు. దొర చెడ్డవాడేం కాదు, ఖచ్చితమైన మనిషి. మూడు వేళ్లతో ఫిట్టరు పని చేసేవాణ్ణి తాను చూడలేదనీ, ఏదన్నా చేసి తెచ్చి చూపిస్తే సరేననీ, దసరా దాకా జాగా ఖాళీగా ఉంచుతాననీ, ఆ తర్వాత తన చేతిలో ఏమీ ఉండదనీ చెప్పాడట.

“ఏం చేసి చూపిస్తవ్?” అని అడిగింది దుర్గమ్మ ఆ రోజు.

“రైలు.”

చేతిలో పట్టేంత బొమ్మ రైలనుకొని సరేనంది. మనుషులు ఎక్కి కూర్చొని తిరిగే రైలని, దానికి దొడ్డి మొత్తం కావాలని ఆమెకెట్లా తెలుస్తుంది?

“ఒక్క ముక్క వంపు చేసి తీస్కపోరాదు? దొడ్డంత ఎందుకు?” అని తర్వాత చాలాసార్లు అడిగింది.

“నడిచిన పట్టా వేరు, నడవని పట్టా వేరు. దొర వేలు పెట్టి తడిమితే చెప్పగలడు. వంద చుట్లు తిరిగినంక వంపు ముక్క ఊడదీసి తీస్కపోత. అప్పుడు నీ దొడ్డి నీకే.”

ఆ వేసవిలో మెదకులో అందరికీ ఏదో ఒక భయం ఉంది. ఊళ్లలో నిజాం మీద తిరగబడ్డ సంఘపోళ్లు, వాళ్ల వెంట పోలీసులు, ఇద్దరి మధ్యా రజాకార్లు. దీపాలు పెట్టకముందే బజారు మూతపడేది. ఎవరింట్లో ఏ కాగితం దొరికినా, ఏ కత్తి దొరికినా మనిషిని తీసుకుపోయేవాళ్లు. దుర్గమ్మకు మాత్రం ఈ భయాలన్నిటికంటే ముందు దసరా భయం ఉంది.

నర్సింగం ఎడ్లబండి చక్రాల చుట్టూ వేసే, అరిగిపోయిన ఇనుప కమ్ములు తెచ్చాడు. వాటిని దొడ్డిలోని చిన్న కొలిమిలో కాల్చి, సాగగొట్టి, చెక్కలకు కోసిన గాడుల్లో నిలువుగా దిగేశాడు. అవే పట్టాలు. చెక్కలు కోసిచ్చింది గాబ్రియేలు. చర్చి కాంపౌండులో వడ్రంగి పని చేసే మనిషి, వెనక వాడకట్టులోనే ఉంటాడు. ఎక్కి కూర్చునే బండి కూడా అతనే చేశాడు. నాలుగు చిన్న చక్రాల మీద టేకు పలక, ముందు ఒక పిడి. పిడిని ముందుకీ వెనక్కీ ఊపితే బండి కదులుతుంది.

కదలడమైతే కదిలింది. బాయి దగ్గర వంపుకు రాగానే పడిపోయేది. పడినప్పుడల్లా నర్సింగం పట్టాలు ఊడదీసి, మళ్లీ కాల్చి, మళ్లీ వంచేవాడు. మూడు వేళ్ల మధ్య పటకారు జారి ఎన్నోసార్లు కాలు మీద పడింది. పడ్డ ప్రతిసారీ, చూశావా అన్నట్టు దుర్గమ్మ వైపు చూసేవాడు. ఆమె చూడనట్టు చాటతో వడ్లు చెరిగేది.

ఒక మధ్యాహ్నం ఆమె నీళ్లు తోడుతుంటే టక్, టక్ అని చప్పుడు వినిపించింది. నర్సింగం నాలుగు వేళ్ల పొడవున్న చిన్న ఇనుప పలకల మీద ఏదో కొడుతున్నాడు. పక్కన రేకు డబ్బీ తెరిచి ఉంది. అందులో వేలెడు పొడవు మేకులు, ఒక్కోదాని కొస మీద ఒక్కో ఇంగ్లీషు అక్షరం తిరగేసి చెక్కి ఉంది.

“ఏందియ్యి?”

“రెండు పట్టాల కొసలు కలిపే ప్లేట్లు. బోల్టులు బిగిస్తే కదలయి.”

“ఆ రాత ఏంది?”

“ఎన్, ఎస్, ఆర్. నిజాం సర్కారు రైలు అచ్చరాలు.”

“దొడ్డి మనది, ఇనుము బండిది. సర్కారు పేరెందుకు?”

నర్సింగం ఆమెను ఏమీ తెలియని పిల్లను చూసినట్టు చూశాడు. “పదారేండ్లల్ల అచ్చరం కొట్టకుండ నా చేతి కెళ్లి ఒక్క ప్లేటు బయటికి పోలే. అచ్చరం లేకుంటే అది ఇనుప ముక్క. అచ్చరం పడితేనే పట్టా.”

“మా అవ్వ పేలాలు అమ్మేటప్పుడు ఒక్కో పేలం మీద పేరు రాయలే,” అంది దుర్గమ్మ. అయినా అతను వినలేదు. ఇరవై నాలుగు ప్లేట్ల మీదా మూడేసి అక్షరాలు గీత గీసినట్టు వరుసగా కొట్టాడు.

ఆషాఢం చివర్లో బండి మొదటిసారి పడకుండా చుట్టు తిరిగింది. బయటి పట్టాను వంపు దగ్గర కొంచెం ఎత్తు లేపితే సరిపోయిందట. ఆ కొంచెం కోసం రెండు నెలలు పట్టింది. ఆగమ్మ ముక్కాలి పీట వేసుకొని ఎక్కి, చీర మోకాళ్ల మధ్య బిగించి కూర్చుంది. ఆమె పుట్టి అరవై ఏండ్లు దాటాయి. మెదకుకు రైలు వస్తదని ఆమె పెళ్లి నాటి నుంచి వింటూనే ఉంది.

“మెల్లగ తోలురా, ఆపు, ఆపు, అయ్యో నా నడుము!” అని వంపు దాకా అరిచింది. వంపు దాటాక నోరు మూసుకుంది. వంటింటి గడప దగ్గర బండి ఆగగానే, “మల్లొకసారి తిప్పు,” అంది.

బండి అదురుకు చాటలోని వడ్లు చిందిపడ్డాయి. కోళ్లు వచ్చాయి. దుర్గమ్మ కోళ్లను తరుముతూ, “ఇంకెన్ని చుట్లు?” అని అరిచింది.

“తొంబై ఎనిమిది,” అన్నాడు నర్సింగం.

అరవై మూడో చుట్టు అయిన మర్నాడు గాబ్రియేలు పరుగున వచ్చాడు. శ్రావణం అప్పుడే మొదలైంది. సన్నగా వాన పడుతోంది. నర్సింగం బోల్టుల కోసం బండ్లు చేసేవాళ్ల దగ్గరికి పోయాడు.

“చెల్లె, బావ ఏడి?”

“బజార్ల ఉన్నడు. ఏమైందన్నా?”

“మనోహరాబాద్ దిక్కు ఎవరో రైలు పట్టాల ప్లేట్లు ఊడబీకిన్రట. ఠాణా అమీను జవాన్లను తీస్కొని తిరుగుతుండు. కొలిమి ఉన్న ఇల్లు ఒక్కటి ఇడుస్తలేడు. నేను బావను పిల్సుకొస్త.”

గాబ్రియేలు పోగానే దుర్గమ్మ దొడ్డి మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. కొలిమిని ఎక్కడ దాచాలి? పట్టాలను ఎక్కడ దాచాలి? అవి దాచేవి కావు. అయినా వాటిని చూస్తే ఎవరికైనా ఆటబండి అని తెలుస్తుంది. ఆమె కళ్లు రేకు డబ్బీ మీద పడ్డాయి.

అక్షరాలు! కిందటి నెల రంగంపేట గల్లీలో ఒక ఇంట్లో అచ్చు అక్షరాలు దొరికాయని, వాటితో సంఘపోళ్ల కరపత్రాలు వేస్తున్నారని, ఇంటాయన్ని తన్నుకుంటూ తీసుకుపోయారని బజారంతా చెప్పుకున్నారు. దుర్గమ్మకు చదువు రాదు. ఇనుప అక్షరాలు ఎన్ని రకాలో తెలియదు. కొలిమికి సంజాయిషీ చెప్పొచ్చు, అక్షరాలకు ఏం చెబుతుంది? డబ్బీలోని మేకులన్నీ పాత రవికె గుడ్డలో మూటకట్టి, గట్టిగా ముడివేసి, నిండుగా ఉన్న బాయిలోకి జారవిడిచింది. చప్పుడు కూడా కాలేదు. డబ్బీ మూత పెట్టి యథాస్థానంలో పెట్టింది. తన తెలివికి తనకే కొంచెం ధైర్యం వచ్చింది.

అమీను వచ్చేసరికి నర్సింగం కూడా వచ్చాడు. జవాన్లు కొలిమి చూశారు, ఆకురాళ్లు చూశారు. అమీను బూటు కొనతో ఒక ప్లేటును తట్టి, వంగి చదివాడు.

“ఎన్.ఎస్.ఆర్. ఇది నీ ఇంట్లకెట్ల వచ్చె?”

“నేనే చేసిన సాబ్. అచ్చరాలు గూడ నేనే కొట్టిన.”

“అసల్ ప్లేట్లు కోసి చిన్నగ చేసినవ్. కొలిమి ఉండె, రంపం ఉండె.”

“ఇగో సాబ్, బండి చక్రం కమ్మీ. ఇనుము చూడుండ్రి. రైలు ఇనుము ఇట్ల ఉండది. నేను పట్టాలు పెట్టేటోన్ని, పీకేటోన్ని కాదు.”

“ఇనుము మొకం నాకు తెల్వది. రాత తెలుసు. సర్కారు రాత నీ ఇంట్ల ఉంది.”

“కొట్టిన మేకులు నా దగ్గర ఉన్నయి. చూపిస్త. మీ ముంగటనే కొట్టి చూపిస్త,” అని నర్సింగం డబ్బీ తెరిచాడు. డబ్బీ ఖాళీగా ఉంది. దాన్ని బోర్లించాడు. ఊపాడు. “దుర్గీ, దీంట్ల ఉండె గద? ఏవి?”

దుర్గమ్మ జవాన్ల వైపు చూసింది. “నాకేం తెల్వది,” అంది. అనేసిన తర్వాత, మొగుడి మొహం చూశాక, ఏం జరిగిందో ఆమెకు అర్థమైంది. అప్పటికే జవాన్లు అతని చేతులు వెనక్కి కట్టారు.

“బాయిల ఉన్నయి! నేనే ఏసిన! సాబ్, ఆయనకు తెల్వది, నేను ఏసిన!”

అమీను బాయి వైపు చూసి నవ్వాడు. “మస్తు మంచి జాగ. బాయిల ఉంటే తీస్కరా. తెచ్చినంక మాట్లాడుదం.”

పట్టాలు, చెక్కలు, ప్లేట్లు, గాబ్రియేలు చేసిన బండి అన్నీ ఎడ్లబండిలో వేసుకొని పోయారు. నర్సింగం పోతూ పోతూ ఆమెను తిట్టలేదు. “దసరా…” అన్నాడు. అంతే.

ఆ తెల్లారి నుంచి దొడ్డి మొత్తం దుర్గమ్మదే. ఎక్కడ కావాలంటే అక్కడ చాప పరుచుకోవచ్చు. ఆరబోయడానికి వడ్లే లేవు. హవేలిఘనపూర్ నుంచి వడ్లు తెచ్చే ఎల్లం దారిలో రజాకార్లు బండ్లు ఆపుతున్నారని రావడం మానేశాడు. చెక్కలు పీకిన చోట వరుసగా గుంటలు, వాటిలో వాననీళ్లు. ఆ గుంటలు చూసినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండేది. ఎవరి మీద మండుతుందో తెలిసేది కాదు. అక్షరాలు కొట్టినోడి మీదా, అవి బాయిలో వేసిన తన మీదా?

పక్కింటి నుంచి పాతాళగరిగె అడిగి తెచ్చింది. తాడు కొసన కొక్కేల గుత్తి. బాయిలోకి దించి, అడుగున ఈడ్చి, మెల్లగా పైకి లాగాలి. అడుగు చేరాలంటే తాడు మీద తాడు కట్టాలి. పొద్దున్న పని ముగించి మధ్యాహ్నం దాకా, మళ్లీ పొద్దు వాలేదాకా ఈడ్చేది. మొదటి రోజు చిల్లుల బొక్కెన వచ్చింది. మూడో రోజు తుప్పు పట్టిన కొడవలి. అయిదో రోజు ఒక రాగి చెంబు.

ఆగమ్మ చెంబు అందుకొని, పాచి తుడిచి, అటూ ఇటూ తిప్పి చూసి, పక్కన పెట్టింది.

“ఏ చెంబత్తా ఇది?”

“ఏదో చెంబు.”

“అంచుకు సొట్ట ఉన్నది. మా వదినె ఎత్కపోయిందని నువ్వు పన్నెండేండ్ల సంది సాపిస్తున్న చెంబు గిదేనా?”

“నువ్వు మేకుల సంగతి చూడే!” అని కసిరింది ఆగమ్మ. ఆ సాయంత్రం ఆమె అన్నం సరిగ్గా తినలేదు.

చేతులు బొబ్బలెక్కాయి. వాన పడ్డ ప్రతిసారీ బాయి నీళ్లు ఇంకా పెరిగేవి. వినాయకచవితి పోయింది. ఒక పొద్దున ఆకాశంలో విమానాలు పోయాయి. ఇండియన్ యూనియన్ ఫౌజు వస్తోందని వాడకట్టంతా తలుపులు మూసుకుంది. దుర్గమ్మ తలుపు మూసుకొని కూడా దొడ్డిలో తాడు ఈడుస్తూనే ఉంది. అయిదు రోజుల్లో అంతా అయిపోయింది. నిజాం లొంగిపోయాడని బజారులో డప్పులు కొట్టారు. ఆ డప్పులు వినపడుతుండగానే కొక్కేనికి ఏదో మెత్తగా తగిలింది. మెల్లగా లాగితే నల్లబడిన రవికె గుడ్డ. లోపల గలగలమన్నాయి.

తడి మూట కొంగులో పెట్టుకొని పరుగులాంటి నడకతో ఠాణాకు పోయింది. ఠాణాకు తాళం వేసి ఉంది. అమీనూ లేడు, జవాన్లూ లేరు. ముందు మెట్ల మీద ఒక కుక్క పడుకొని ఉంది.

“తీస్కరమ్మంటివి గద!” అని ఆ తాళంతో అంది దుర్గమ్మ.

వారం తర్వాత నర్సింగం వచ్చాడు. జిల్లా జైలు నుంచి ఖైదీలను వదిలారు. బండి దిగుతూనే జనార్దన్ వకీలు మెడలో దండ వేశాడు. వెంట నలభై మంది ఉన్నారు. ఊరేగింపుగా ఇంటి ముందుకు వచ్చి ఆగారు. మనిషి సగమయ్యాడు. దండ మాత్రం మోకాళ్ల దాకా ఉంది.

“మన మెదక్ బిడ్డ!” అన్నాడు వకీలు అరుగు ఎక్కి. “ప్రాణాలకు తెగించి నిజాం సర్కారు రైలు పట్టాలు ఊడబీకిన వీరుడు!”

“నేను పీకలే వకీల్ సాబ్,” అన్నాడు నర్సింగం.

“చూసిన్రా, ఎంత వినయమో!”

జనం చప్పట్లు కొట్టారు. నర్సింగం గొంతు పెంచాడు. “పట్టా పీకుతె మనుషులు సస్తరు. పదారేండ్లు రైలు బాగుచేసినోన్ని, నేనెందుకు పీకుత? నేను ఇంట్ల ఆటబండి చేసుకున్న.”

ఎవరో నవ్వారు. “ఇంక భయమెందుకన్నా, మన రాజ్యమొచ్చింది. ఇప్పుడు చెప్పొచ్చు!” అన్నారు వెనక నుంచి. మళ్లీ చప్పట్లు. దుర్గమ్మ గడపలో మేకుల మూట పట్టుకొని నిలబడింది. దాన్ని ఎవరికి చూపించాలో ఆమెకు తోచలేదు.

దండ ఎండక ముందే గాబ్రియేలు పట్నం పోయి వచ్చాడు. చర్చికి కావాల్సిన సామాన్ల కోసం పోయినవాడు దారిలో కార్ఖానా గేటు దగ్గర ఆగాడట. వచ్చి వసారాలో కూర్చున్నాడు. చెప్పడానికి తటపటాయించాడు.

“చెప్పు బావా,” అన్నాడు నర్సింగం.

“వకీలు మాట్లాడింది పేపర్ల పడ్డది. నీ పేరుతోని. దొరకు ఎవరో చదివి వినిపించిన్రు.”

“ఏమన్నడు?”

“దండలు ఏసుకోమను, మంచిదే అన్నడు. పట్టా పీకిన చెయ్యి మాత్రం నా గేటు దాటదన్నడు.”

దుర్గమ్మ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టింది. పెత్రమాస అమావాస్యకు ఇంకా నాలుగు రోజులున్నాయి. దసరాకు పధ్నాలుగు.

“పట్టాలు ఠాణాల ఉన్నయి. వంపు ముక్క తీస్కపోయి చూపిస్తె తెలుస్తది గద,” అంది దుర్గమ్మ. “లే. పోదం.”

ఠాణాలో ఇప్పుడు కొత్త అధికారి ఉన్నాడు. కోస్తా దిక్కు నుంచి వచ్చినాయన, సన్నగా, మర్యాదగా ఉన్నాడు. దుర్గమ్మను చూసి కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“ఆ సామాను నేనూ చూశానమ్మా. వెనక కొట్లో పడి ఉంది. కానీ దాని మీద రైల్వే ముద్ర ఉంది. అది గవర్నమెంటు సొత్తు. రాజ్యం మారినా సొత్తు సొత్తే కదా.”

“ముద్ర ఈనే కొట్టిండు సారూ. ఇగో, గీ మేకులతోని.” ఆమె మూట విప్పి మేకులు బల్ల మీద పోసింది. మేకుల మీద తుప్పు చుక్కలు ఉన్నాయి. తర్వాత చీర మడతలోంచి పేలాలు వేయించేటప్పుడు వేడి ఇసుక కలిపే ఇనుప గరిటె తీసి మొగుడి చేతికిచ్చింది. “కొట్టి చూపియ్యి.”

నర్సింగం నేల మీద కూర్చున్నాడు. గరిటె కాడను రాతి గడప మీద ఆనించి, ఎడమ చేతి మూడు వేళ్లతో మేకు నిలబెట్టి, జవాను ఇచ్చిన సుత్తితో కొట్టాడు. టక్. టక్. టక్. మూడు అక్షరాలూ గీత గీసినట్టు వచ్చాయి. అధికారి గరిటె చేతికి తీసుకొని బొటనవేలితో తడిమాడు.

“బాగుంది. చాలా బాగుంది,” అన్నాడు. “మరైతే ఇప్పుడు ఈ గరిటె కూడా గవర్నమెంటుదేనంటావా?”

“కొట్టంగనే సర్కారు రైలుది అయితదంటె, మీ బల్ల మీద గూడ కొట్టమంట సారూ. రైలోళ్లు వచ్చి మాదేనని ఎత్కపోతరు.”

జవాను నవ్వు ఆపుకున్నాడు. అధికారి కూడా నవ్వాడు, కానీ తల అడ్డంగా ఊపాడు. “అమ్మా, నీ మాట నేను నమ్ముతున్నాను. కాగితం నమ్మదు. ప్లేట్లు అసలైనవైతే మీ ఆయన దొంగతనం చేసినట్టు. తనే ముద్ర వేసుకుంటే దొంగ ముద్ర వేసినట్టు. కాగితం మీద రెంటిలో ఒకటి రాయాలి. ఏది రాయమంటావు?”

“దొంగ ముద్రే రాయుండ్రి,” అన్నాడు నర్సింగం వెంటనే. “పట్టా పీకినోడంటె మాత్రం ఒప్పుకోను.”

“ఏదీ రాయొద్దు!” అంది దుర్గమ్మ. దొంగ ముద్ర అని రాసిన కాగితం పట్టుకొని కార్ఖానా గేటు ముందు నిలబడితే దొర ఏమంటాడో ఆమెకు చదువు రాకపోయినా తెలుసు. “ముద్ర లేనిది ఏమన్న ఉంటె అది ఇయ్యుండ్రి.”

ముద్ర ప్లేట్లతో బిగించిన పట్టాలు, చెక్కలు ఇవ్వనన్నాడు; మిగిలింది టేకు బండి ఒక్కటే. దాన్ని ఇద్దరూ చెరో పక్కన పట్టుకొని బజారు మీదుగా మోసుకొచ్చారు. కూడలిలో ఎవరో, “వీరుడు వస్తుండు!” అని నమస్తే పెట్టారు. నర్సింగం తల దించుకున్నాడు. దుర్గమ్మకు ఆ నమస్తే పెట్టినవాణ్ణి బండితో కొట్టాలనిపించింది.

ఇంటికి రాగానే ఆగమ్మ దొడ్డిలోకి వచ్చి, బండి నేల మీద పెట్టించుకొని ఎక్కి కూర్చుంది. “తోలుండ్రి,” అంది. చక్రాలు బురదలో దిగిపోయాయి. పిడి ఎంత ఊపినా కదల్లేదు.

“పట్టాలు లేకుంటె ఎట్ల నడుస్తదమ్మా,” అన్నాడు నర్సింగం. గడపలో కూలబడి చేతి వైపు చూసుకున్నాడు. “అయిపోయింది. ఇంగ పేలాల గంప ఎత్తుకొని నీ ఎనక నేను గూడ తిరుగుత.”

దుర్గమ్మకు అప్పటిదాకా లోపల ఉన్న కోపమంతా ఒక్కసారి పైకి వచ్చింది.

“తిరుగుతవు! నా బొబ్బలు చూసినవా? నలభై రోజులు బాయి ఈడ్చిన. ఈడ్చింది నువ్వు గంప మోస్తవని గాదు. ఒక్క వంపు ముక్కకు ఎన్ని రోజులు పడుతది?”

“మొదటిసారి రెండు నెల్లు పట్టింది.”

“మొదటిసారి నీకు ఎత్తు సంగతి తెల్వదు. ఇప్పుడు తెలుసు. ఎన్ని రోజులు?”

నర్సింగం లెక్కవేశాడు. “కమ్మీలు దొరికితె… చుట్టంత పెట్టనీకె తొమ్మిది, పది. నడిపి మెరుగు ఎక్కియ్యనీకె ఇంకో మూడు. కని దొర గేట్లకే రానియ్యడాయె.”

“నేను వస్త. గాబ్రియేలన్నను గూడ తీస్కపోదం. చెక్కలు కోసినోడు, బండి చేసినోడు, కండ్లార చూసినోడు. బాయిల మేకులు ఏసినదాన్ని నేను. దండ ఏసింది మేము కాదని దొర ముంగటనే చెప్త. ఇనుము సంగతి నువ్వు చెప్పు, నా సంగతి నేను చెప్త. వినకపోతె, అప్పుడు ఎత్తుదువు గంప.”

ఆగమ్మ బండి మీద నుంచి, “నేను గూడ వస్త. పట్నం పోతె రైల్లనే గద పోవుడు,” అంది.

మర్నాడు పొద్దున్నే ఎల్లం వచ్చాడు. దారులు తెరుచుకున్నాయట. రెండు బస్తాల వడ్లు దించి పోయాడు. రెండు నెలల తర్వాత వచ్చిన వడ్లు. దుర్గమ్మ అప్పటికప్పుడు గంగాళం ఎక్కించి ఉడికించింది. ఎండ బాగా కాసింది. దొడ్డి ఊడ్చి, గుంటలు పూడ్చి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చాపలు పరిచి ఆరబోసింది. నడుము మీద చేయి వేసుకొని ఒకసారి చూసుకుంది. ఎన్నాళ్లకో దొడ్డి దొడ్డిలా ఉంది.

బండి చక్రాల కమ్ములు భుజాన వేసుకొని నర్సింగం దొడ్డి వాకిలి తోసుకొని వచ్చాడు. వెనక గాబ్రియేలు చెక్కల కట్టతో ఉన్నాడు. కమ్ములు దించి, నర్సింగం గుంజకు దారం కట్టాడు. రెండో కొస పట్టుకొని వడ్ల మధ్యలో నుంచి మునివేళ్ల మీద నడుచుకుంటూ బాయి దాకా పోయి, మోకాళ్ల మీద కూర్చొని ఒక కన్ను మూశాడు.

“మేకులు ఏవి?” అని అడిగాడు.

“ఎందుకు?”

“ప్లేట్ల మీద…”

“ఒక్క అచ్చరం పడిందా, ఈసారి మేకులు కాదు, నిన్నే ఏస్త బాయిల. మేకులు నా నడుముకు కట్టుకున్న. దసరా దాకా ఈడనే ఉంటయి.”

“అచ్చరం లేకుంటె దొర ఏమనుకుంటడు?”

“చేతిపని చూస్తనన్నడు గని చదువుకుంటనన్నడా?”

గాబ్రియేలు చెక్కల కట్ట విప్పుతూ మొహం పక్కకు తిప్పుకున్నాడు. నర్సింగం గొణుక్కుంటూ మళ్లీ దారం వెంట చూశాడు. బాయి దగ్గరి నుంచి తూర్పు మూల దాకా చూపు పోనిచ్చి, కొంచెంసేపు ఊరుకొని, తల ఎత్తకుండానే అన్నాడు:

“దుర్గీ, జర ఆ మూల చాప తియ్యి. వంపుకు జాగ సరిపోతలేదు.”

దుర్గమ్మ పళ్లు బిగబట్టి, చాప నాలుగు కొసలూ చేతికి తెచ్చుకొని, ఇంకా తడి ఆరని వడ్లను గంపలోకి ఎత్తింది.